కట్ట మాది, అలుగుకు పలకలు బిగించింది మేం కాదు

ఒక పాఠకురాలు రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

తండ్రి పోయాక ఆమెకూ తమ్ముడికీ ఉమ్మడిగా కొంత కొండవాలు భూమి వచ్చింది. అందులో వాగుకు అడ్డంగా సున్నం గచ్చుతో కట్టిన వందేళ్లనాటి రాతికట్ట ఉంది. ఎత్తు 6.6 మీటర్లు, పైన మందం 1.2, అడుగున 4.5, పొడవు 40 మీటర్లు. ఒక చివర 5 మీటర్ల వెడల్పున అలుగు, దాని గడప కట్ట పైభాగానికి 60 సెంటీమీటర్లు కింద. పన్నెండు రైతు కుటుంబాలు పక్క కాలువ నుంచి పొలాలకు నీళ్లు పెట్టుకుంటాయి. కాలువ మొదలు పునాదికి 4.2 మీటర్ల ఎత్తున ఉంది. నాలుగేళ్ల కిందట రైతులే అలుగుకు చెక్క పలకలు బిగించి, ఇసుక బస్తాలు పేర్చి నీళ్లను కట్ట పైఅంచుదాకా నిలిపారు. తండ్రి చూశారు, వద్దనలేదు. ఇప్పుడు నీళ్లు రెండెకరాల్లో పరుచుకుంటున్నాయి. అడుగు తూము వాల్వు బిగుసుకుపోయింది. కట్ట దిగువ ముఖం మీద తెల్లటి చారలు కట్టాయి, మధ్యలో ఒకచోట పది లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండేంత ఊట ఉంది. పై వరుస రాళ్లలో రావి మొక్కలు మొలిచాయి. 400 మీటర్ల దిగువన, ఒకప్పుడు ఖాళీగా ఉన్నచోట, ఎనిమిది ఇళ్లు లేచాయి.

తమ్ముడు "వందేళ్లు నిలబడింది, ఇంకో పదేళ్లు నిలబడదా, ఈలోపు అమ్మేద్దాం" అంటున్నాడు. రైతులు పలకలు ముట్టుకుంటే ఊరుకోమంటున్నారు. మేస్త్రీ ముఖమంతా సిమెంటు పూత పెడితే ఊట ఆగిపోతుందన్నాడు. "ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? బాగుచేయించాలా, పడగొట్టించాలా, అమ్మాలా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఊట గురించే ఉంది. పలకల సంగతి రెండు వాక్యాల్లో దాటేశారు. నన్నడిగితే ఈ రెంటిలో పలకలే ముందు పట్టించుకోవాల్సినవి. ఎందుకో మీరిచ్చిన కొలతలతోనే చూద్దాం.

నీళ్లు కట్టను నెట్టే బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పడదోసే బలం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పలకల వల్ల నీటి లోతు 6 నుంచి 6.6 మీటర్లయింది. అంటే పది శాతమే. కానీ తోపు, అంటే అడ్డంగా నెట్టే బలం, మీటరు పొడవుకు 18 టన్నుల నుంచి దాదాపు 22 టన్నులైంది. పడదోసే బలం మూడో వంతు పెరిగింది. ఎదురు నిలిచేది కట్ట బరువొక్కటే. ఘనపు మీటరుకు 2.3 టన్నుల చొప్పున మీటరు పొడవుకు సుమారు 43 టన్నులు. అది కూడా పూర్తిగా లెక్కకు రాదు. పునాది కింద, రాళ్ల సందుల్లో దూరిన నీళ్లు కట్టను కిందినుంచి పైకి ఎత్తుతుంటాయి. ఇంజనీర్లు దీన్నే అప్‌లిఫ్ట్ అంటారు. మీ కట్ట కాలంలో చిన్నకట్టలకు దీన్ని లెక్కలో వేసుకోవడం అంతగా అలవాటు లేదు. ఫ్రాన్సులో బూజే రాతి ఆనకట్ట 1895 ఏప్రిల్ 27న తెగి 80 మందికి పైగా చనిపోయాకే ఈ విషయం మీద ఇంజనీర్ల దృష్టి గట్టిగా పడింది.

పాత మట్టం దగ్గర ఈ ఎత్తే బలం సుమారు 13.5 టన్నులు. 43లోంచి అది పోతే మిగిలేది 30. తోపును దీంతో భాగిస్తే 0.6 వస్తుంది. కట్ట జారకుండా ఉండాలంటే ఇది పునాది దగ్గరి ఘర్షణ గుణకం కంటే తక్కువ ఉండాలి. రాతి మీద కూర్చున్న రాతికట్టకు ఆ గుణకం 0.7 అనుకున్నా, కట్ట ఒంటి బిగువున నిలిచినట్టే. పలకలున్న మట్టం దగ్గర ఇదే లెక్క 0.77 వస్తుంది, అంటే ఆ హద్దు దాటింది. రెండో పరీక్ష ఇంకా తీవ్రంగా ఉంది. బలాలన్నీ కలిసి పునాది వెడల్పులో మధ్య మూడో వంతులో పడాలి. మీ పునాదికి అంటే దిగువ అంచు నుంచి 1.5, 3 మీటర్ల మధ్య. పాత మట్టంలో 1.65 దగ్గర పడుతోంది, అంటే లోపలే. ఇప్పుడు 1.2 దగ్గర పడుతోంది. అలా బయటికి జరిగితే ఎగువ అంచు దగ్గర రాయి లాగుడుకు లోనవుతుంది. సున్నం గచ్చు లాగుడును తట్టుకోలేదు, విడిపోతుంది. ఆ సందులోకి నీళ్లు దూరితే ఎత్తే బలం ఇంకా పెరుగుతుంది.

ఇది చేతిలెక్కే. పూడిక తోపు, గచ్చు కరిగి తగ్గిన బరువు ఇందులో లేవు, అవి కూడా మీకు ప్రతికూలమే. అయినా కట్ట నిలబడే ఉంది కదా అంటారా? గచ్చు అంటు, రెండు గట్ల పట్టు కొంత మోస్తున్నాయి కాబట్టి నిలబడింది. వాటి మీద భరోసా పెట్టుకుని ఎవరూ లెక్క కట్టరు. మీ తమ్ముడి మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కట్ట వందేళ్లు నిలబడింది 6 మీటర్ల నీటికి. 6.6 మీటర్ల నీటికి దాని అనుభవం నాలుగేళ్లే.

పలకలది రెండో కీడు కూడా ఉంది. అలుగు గడప మీద 60 సెంటీమీటర్ల ఖాళీ ఉన్నప్పుడు 5 మీటర్ల అలుగు సెకనుకు సుమారు 4 ఘనపు మీటర్లు వదలగలదు. ఎగువన చదరపు కిలోమీటరు పరీవాహకం మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 30 శాతం పారితే వచ్చేది కూడా దాదాపు అంతే. ఇప్పుడు ఆ ఖాళీ లేదు. వచ్చిన వరద కట్ట నెత్తిమీదుగా నలభై మీటర్ల పొడవునా దూకాలి. రాతికట్ట కాసేపు తట్టుకోవచ్చు గానీ, రెండు చివర్ల గట్లు మట్టివైతే అవి కోసుకుపోతాయి, కట్ట మొదట్లో గుంట పడుతుంది. ఇంకో తేడా గుర్తుంచుకోండి. మట్టికట్టకు గండి పడితే పెద్దదవడానికి కొంత వ్యవధి పడుతుంది. రాతికట్ట ఒక ముక్కగా ఒరిగిపోతే ఆ వ్యవధి ఉండదు.

అందుకని ఇంజనీరు వచ్చేదాకా ఆగకుండా మొదలుపెట్టాల్సింది నీళ్లు దించడం. బాగుచేయడమైనా, అమ్మడమైనా, పడగొట్టడమైనా దాని తర్వాతే.

బిగుసుకున్న వాల్వు జోలికి వెళ్లకండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వును గునపంతో తిప్పితే కాడ విరగవచ్చు, లేదా తెరుచుకుని మళ్లీ మూసుకోకపోవచ్చు. దాని వెనక పూడిక ఎంత పేరుకుందో కూడా కనిపించదు. కట్ట మీదుగా సైఫన్, అంటే ఎగువ నీళ్లను కట్ట దాటించి దానంతటదే దిగువకు లాగే గొట్టం, వేయించండి. 6 అంగుళాల గట్టి గొట్టం కావాలి, పీల్చుడుకు నలిగిపోయే మెత్తటి పైపు పనికిరాదు. ఎగువ మూతికి జాలీ పెట్టి, మూతి ఎప్పుడూ నీటిలో కనీసం 60 సెంటీమీటర్ల లోతున ఉండేట్టు చూడాలి, లేకపోతే సుడి పడి గాలి లాగుతుంది. దిగువ చివర వాల్వు, అన్నిటికంటే ఎత్తైన చోట నీళ్లు నింపడానికి మూత ఉన్న రంధ్రం పెట్టాలి. నింపేటప్పుడు ఎగువ మూతిని కూడా మూసి ఉంచాలి. సైఫన్ ఆగిపోతే ఎక్కువసార్లు అతుకుల్లో గాలి దూరడమే కారణం. దిగువ మూతిని కట్ట మొదట్లో వదలకుండా, గొట్టాన్ని పొడిగించి రాతినేల మీదికి చేర్చండి.

రోజుకు 30 సెంటీమీటర్లకు మించి దించవద్దు. ఒక్కసారిగా దించితే తడిసిన ఎగువ గట్లు జారతాయి, దిగువ వాగులో ఉన్నవాళ్లు చిక్కుకుంటారు. రెండెకరాల నీటిలో రోజుకు 30 సెంటీమీటర్లంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. వాగులో వచ్చే నీరు దీనికి అదనం. పైన చెప్పిన 6 అంగుళాల గొట్టం, దిగువ మూతి నీటిమట్టానికి మూడు మీటర్లైనా కింద ఉంటే, సెకనుకు 40 లీటర్లకు తగ్గకుండా వదులుతుంది. 4.5 మీటర్ల మట్టానికి చేరేసరికి వారం పడుతుంది. వాగు ఎక్కువగా పారుతుంటే రెండో గొట్టం వేయించాలి.

పలకలను నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎవరినీ తీయనివ్వకండి. ఐదు మీటర్ల వెడల్పున 60 సెంటీమీటర్ల నీళ్లు ఒక్కసారి విరుచుకుపడితే తీసేవాడే కొట్టుకుపోతాడు. నీళ్లు గడప కిందికి దిగాక, బస్తాలు ముందు, పలకలు తర్వాత, పొడిగా తీసేయవచ్చు.

4.5 మీటర్లనే ఎందుకన్నానంటే, కాలువ మొదలు 4.2 దగ్గర ఉంది కాబట్టి. ఆ మట్టంలో కట్ట మీద జారుడు లెక్క 0.77 నుంచి 0.3కు పడిపోతుంది. కాలువలో నీళ్లు మాత్రం ఆగవు. నిల్వ మూడింట రెండొంతులు తగ్గుతుంది, అది రైతులకు నష్టమే. వాళ్లతో మాట్లాడేటప్పుడు దాచకుండా చెప్పండి.

ఇక ఊట. తెల్ల చారలు గచ్చులోని సున్నం కరిగి బయటికి వచ్చి ఆరిన గుర్తు. కట్ట లోపలినుంచి గుల్లబారుతోందన్నమాట, కానీ ఈ రోజు కొత్తగా మొదలైంది కాదు. నిమిషానికి 15 లీటర్ల ఊట అనేది సొంతంగా మంచీ కాదు, చెడూ కాదు. ఎంత మట్టానికి ఎంత అన్నదే అసలు విషయం. రోజూ ఒకే వేళకు నీటిమట్టం, బకెట్టు నిండే సెకన్లు, వాన పడిందా లేదా, నీళ్లు తేటగా ఉన్నాయా అన్నవి నోటుపుస్తకంలో రాయండి. మట్టం దిగుతుంటే ఏ ఎత్తు దగ్గర ఊట ఒక్కసారిగా తగ్గిందో చూడండి, సందు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఇంజనీరుకు ఈ పుస్తకం వంద ఫోటోలకంటే ఎక్కువ పనికొస్తుంది. మట్టం అంతే ఉండి ఊట పెరిగినా, తేటనీరు బురదగా మారినా, ఉన్నట్టుండి ఆగిపోయినా ప్రమాద సూచనే. ఆగిపోయిందని సంబరపడకండి, నీళ్లు ఇంకో దారి పట్టాయేమో వెతకాలి.

మేస్త్రీ చెప్పిన సిమెంటు పూత దిగువ ముఖానికి పొరపాటున కూడా వద్దు. పూత పెడితే కనిపించే ఊట ఆగుతుంది, నీళ్లు లోపలే నిలిచి కట్టను ఎత్తే బలం పెరుగుతుంది. నీళ్లను ఎగువ ముఖం దగ్గర ఆపాలి, దిగువ ముఖం నుంచి పోనివ్వాలి. నీళ్లు దిగాక ఎగువ రాళ్ల సందులు గీకి, శుభ్రం చేసి, ఆ రాతికీ గచ్చుకూ సరిపడే మిశ్రమంతో నింపించవచ్చు. గ్రౌటింగ్ (రంధ్రాలు కొట్టి లోపలి సందుల్లోకి పల్చటి మిశ్రమాన్ని ఒత్తిడితో ఎక్కించడం) చేయిస్తే ఎగువ వైపు వరుసలోనే, తక్కువ ఒత్తిడితో చేయించాలి. లోతు మీటరుకు 0.2 బార్ చొప్పున మించవద్దని పాత నియమం. మూడు మీటర్ల లోతులో 0.6 బార్ అన్నమాట. ఎక్కువ పెడితే బలహీనమైన గచ్చు పొరల మధ్య ఆ మిశ్రమం దూరి రాళ్లనే ఎత్తేస్తుంది. ఆ తర్వాత దిగువ వైపున నీళ్లు పోయే రంధ్రాలు కొట్టించాలి. రావి మొక్కలను పీకకండి, వేరుతోబాటు రాయి కదులుతుంది. మొదట్లో కోసి, కోతకు మందు రాసి చంపండి. వేళ్లు కుళ్లాక మిగిలే ఖాళీలను గ్రౌటింగ్‌లో నింపుతారు.

బాధ్యత ఎవరిది అంటే, సూటిగా చెప్పాలంటే మీ ఇద్దరిది. 1868లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు సరిగ్గా ఒక ప్రైవేటు జలాశయం మీదే. జలాశయం కింద పాత గని గుంటలున్నాయని యజమానికి తెలియదు, వాటిని పూడ్చకుండా వదిలింది కట్టినవాళ్లు. అయినా పక్కవాడి గనిలోకి నీళ్లు పోతే నష్టం యజమానిదేనన్నారు. బ్రిటిషు చట్టం నుంచి వచ్చిన న్యాయవ్యవస్థలు చాలావరకు ఈ సూత్రాన్ని ఏదో రూపంలో పాటిస్తాయి. మూడో వ్యక్తి చేసిన పని వల్ల జరిగితే మినహాయింపు ఉందంటారు గానీ, ఆ పని నాలుగేళ్లు మీ కళ్లముందే ఉంది. ఉత్తరంలో మీరే రాశారు. నీళ్లు వాడుకునేవాళ్ల సమ్మతి అనే మరో మినహాయింపు పన్నెండు కుటుంబాలకు వర్తిస్తుందేమో, కింది ఎనిమిది ఇళ్లకు వర్తించదు.

చిన్నకట్ట కదా, ప్రభుత్వ తనిఖీ లేదు కదా అన్నది ధైర్యం కాదు. భారతదేశపు 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికీ, కొన్ని షరతులుంటే 10 నుంచి 15 మీటర్లవాటికీ వర్తిస్తుంది. ఇంగ్లండులో పట్టింపు ఎత్తుతో కాదు, 25,000 ఘనపు మీటర్ల నిల్వతో. మీ జలాశయం నిండినా 18,000 లోపే ఉంటుంది. ఇలాంటి హద్దులు ఎవరు తనిఖీ చేయాలన్నది తేలుస్తాయి. నష్టం ఎవరు భరించాలన్నది వేరే లెక్క.

ఇప్పుడు మీ దారులు.

పూర్తిగా బాగుచేయించడం: ఇంజనీరుతో వరద అంచనా, కట్ట గుండా పునాది రాతిలోకి రెండు మీటర్లు దిగేలా రెండు మూడు కోర్లు (బోరు వేసి తీసే స్తంభాకారపు నమూనాలు), అప్‌లిఫ్ట్‌తో స్థిరత్వ లెక్క చేయించాలి. కోర్లు తీయకుండా పైపైన చూసి నివేదిక ఇస్తానంటే ఒప్పుకోకండి. ఫలితాన్ని బట్టి దిగువ ముఖానికి కాంక్రీటు ఆసరా, లేదా పైనుంచి రాతిలోకి దింపి బిగించే ఉక్కు యాంకర్లు. 6 మీటర్ల నీరు నిలుస్తుంది. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ. బాధ్యత, ఏటేటా నిర్వహణ మీ మీదే ఉంటాయి.

కట్టను తగ్గించడం: నా మొగ్గు ఇటే. అలుగు గడపను 4.5 మీటర్లకు దించుతూ 5 మీటర్ల వెడల్పున కోత పెట్టడం. అప్పుడు వరద వచ్చి నీళ్లు పాత 6 మీటర్లకు లేచినా, ఆ కోత సెకనుకు 15 ఘనపు మీటర్లకు పైగా వదులుతుంది. ఇదివరకు 4. పేలుడు పదార్థాలు వద్దు, రాళ్లు పైనుంచి వరుసగా విప్పించి, కోసిన ముఖాలకు కాంక్రీటు కట్టించాలి. ఈ నీళ్లు పడే చోట నేల రాయి కాకపోతే మాత్రం ఈ దారి చెడుతుంది, పడే నీళ్లు కోత కింది గట్టును తినేస్తాయి. కాలువ బతుకుతుంది, వేసవి పంటకు నీళ్లు చాలవు.

పడగొట్టడం: బాధ్యత శాశ్వతంగా పోయే దారి ఇదొక్కటే. కానీ తరాలుగా నీళ్లు వాడుకుంటున్నవాళ్లకు చాలాచోట్ల హక్కు పుట్టి ఉంటుంది, కోర్టుకు వెళ్తారు. వందేళ్ల పూడిక ఒక్క వానకు ఎనిమిది ఇళ్లవైపు కదలకుండా ముందే తవ్వి తరలించాలి. సగం పడగొట్టి వదలడం అన్నిటికంటే చెడ్డది. చెట్లకొమ్మలు అడ్డంపడి మిగిలిన మొండిగోడ వెనక మళ్లీ నీళ్లు నిలుస్తాయి.

అమ్మడం: తెలిసిన లోపం దాచి అమ్మితే తగాదా మీ వెనకే వస్తుంది. చెప్పి అమ్మితే ధర తగ్గుతుంది, అయినా అదే క్షేమం. దస్తావేజుకు ఇంజనీరు నివేదిక జతచేయండి. రైతులకు అప్పగించాలనుకుంటే, రిజిస్టరైన సంఘం, బ్యాంకులో నిర్వహణ నిధి ఉంటేనే. పేరుకు ఇచ్చి భూమి మీ దగ్గరే ఉంచుకుంటే బాధ్యత మీ దగ్గరే ఆగవచ్చు.

యజమానులు మారేకొద్దీ కట్ట గతి ఏమవుతుందో అమెరికాలోని సౌత్ ఫోర్క్ చూపింది. అది మట్టికట్ట, ఒక విహార క్లబ్బుది. పాత యజమాని అడుగు గొట్టాలు పీకి అమ్ముకున్నాడు, తర్వాతివాళ్లు మళ్లీ వేయలేదు. పైగా చేపలు పోకుండా అలుగుకు జాలీలు పెట్టారు. 1889 మే 31న కట్ట తెగి 2,200 మందికి పైగా చనిపోయారు. మీ బిగిసిన వాల్వు, మీ పలకలు ఆ జాబితాలోవే.

తమ్ముడితో పంపకం చేసుకుంటే కట్ట ఒకరికి, అలుగు ఒకరికి వచ్చేలా గీత గీయకండి. కట్ట, అలుగు, రెండు గట్లు, దిగువన పదిహేను మీటర్ల పట్టీ, అక్కడికి బండి వెళ్లే దారి ఒకే పేరున ఉండాలి. ఉమ్మడిగా ఉంచితే నీళ్లు దించే అధికారం ఎవరిదో, ఖర్చు ఏ పాలున అన్నది రాతలో ఉండాలి. వరద రాత్రి ఇద్దరి సంతకాల కోసం ఆగడం కుదరదు. బీమా తీసుకుంటే ఊట, పలకల సంగతి దరఖాస్తులో రాయండి, దాచితే క్లెయిము రోజున అదే సాకు అవుతుంది.

రైతులకు మాటగా చెప్పి ఊరుకోకండి. మట్టం ఎందుకు దించుతున్నారో, ఎంతవరకో, ఏ తేదీ నుంచో, కాలువకు నీళ్లు ఆగవన్న హామీతో తేదీ వేసిన నోటీసు ఇచ్చి, అందినట్టు సంతకాలు తీసుకోండి. ఒక ప్రతి స్థానిక అధికారికి పంపండి. అడ్డుకుంటే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. పైన చెప్పిన సైఫన్‌కు ఎవరి అనుమతైనా కావాలేమో అదే ఉత్తరంలో అడగండి.

ఎనిమిది ఇళ్లకు ఈ వారమే వెళ్లండి. ఇంటికి ఒకరి ఫోను నంబరు రాసుకుని, ఏ గట్టు ఎక్కాలో చూపించి రండి. ఊట బురదగా మారినా, కట్ట పైవరుసలో కొత్త బీట కనిపించినా ముందు చేయాల్సింది ఆ ఎనిమిది ఫోన్లు. తర్వాత అధికారులకు. కట్ట మొదట్లోకి దిగి చూడటం మాత్రం ఎవరూ చేయకూడదు.